దొవ్జెంకోకు మన క్షమాభిక్ష అక్కరలేదు

"గొప్ప రష్యన్ దర్శకుడు" అన్న మాటలో మూడు పదాలున్నాయి. ఒలెక్సాందర్ దొవ్జెంకో విషయంలో మొదటిదీ చివరిదీ నిజం, నడిమిది అబద్ధం. తెలుగులో ప్రపంచ సినిమా గురించి రాసేవారు ఐజెన్‌స్టైన్, పుదోవ్కిన్, దొవ్జెంకో అని త్రిమూర్తుల పేర్లను ఒకే ఊపిరిలో వల్లించి, ముగ్గురికీ ఒకే విశేషణం తగిలించి ముందుకు సాగిపోతారు. (ఐజెన్‌స్టైన్ పుట్టింది రీగాలో అన్నది వేరే ముచ్చట.) ఈ అలవాటు ఎక్కడ పట్టుబడిందో ఊహించడం కష్టం కాదు. మన తరాలకు ఆ దేశపు పుస్తకాలు 'ప్రగతి ప్రచురణాలయం, మాస్కో' అన్న ముద్రతో, ముచ్చటైన అట్టలతో, అతి చవకగా దొరికాయి. ఆ ఋణం కాదనలేనిది. కాని చిరునామా మాస్కో అయినంత మాత్రాన లోపలి మనుషులంతా రష్యన్లు కారు. ఢిల్లీలో అచ్చయిన పుస్తకాన్ని చూసి గురజాడను హిందీ కవి అంటే మనం ఊరుకుంటామా?

ఇది కేవలం పేరు పెట్టడంలోని పేచీ అయితే ఇంత ఆవేశపడనక్కరలేదు. ఆ ఒక్క పదం తప్పితే అతడి జీవితమే మనకు అర్థం కాకుండా పోతుంది. ఎందుకు భయపడ్డాడో, ఎవరి దగ్గర ఏం దాచాడో, ఎందుకు చివరి పన్నెండేళ్ళూ సొంత నేలకు దూరంగా మాస్కోలో గడిపాడో, ఎందుకు ఉక్రేనియన్ భాషలోనే రాసుకున్నాడో, ఏదీ బోధపడదు. మిగిలేది 'భూమి' అనే ఒక మూకీ చిత్రమూ, దాని చుట్టూ కొన్ని విశేషణాలూ.

జార్జ్ లైబర్ రాసిన 'అలెగ్జాండర్ దొవ్జెంకో: ఎ లైఫ్ ఇన్ సోవియట్ ఫిల్మ్' (బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, 2002) అందుకే మన అల్మరాల్లో ఉండవలసిన పుస్తకం. కథనశైలి అంత రసవంతమైనదేమీ కాదు. చరిత్రకారుడి పొడి వచనం. అయితే దానికి ఒక సుగుణం ఉంది. తన కథానాయకుణ్ణి కాపాడాలన్న తొందర గాని, బోనెక్కించాలన్న తొందర గాని ఆయనకు లేదు. దీనికి తోడుగా మార్కో కారిన్నిక్ సంపాదకత్వంలో 1973లో ఎం.ఐ.టి. ప్రెస్ వేసిన దొవ్జెంకో రచనల సంకలనం, వాన్స్ కెప్లీ 1986లో వెలువరించిన 'ఇన్ ది సర్వీస్ ఆఫ్ ది స్టేట్' పక్కన పెట్టుకుని చదివితే మన వ్యాసాల్లో కనిపించని మనిషి ఒకడు మెల్లగా రూపు కడతాడు.

అతడు 1894లో చెర్నిహివ్ ప్రాంతంలోని సోస్నిత్సియా ఊరి శివారున, దెస్నా నది ఒడ్డున, కొసక్కు వంశంలో పుట్టాడు. తల్లిదండ్రులకు చదువు లేదు. పద్నాలుగురు సంతానంలో ఏడవవాడు. అతడికి పదకొండేళ్ళు వచ్చేసరికి ఇంట్లో బతికి ఉన్న పిల్లల్లో అతడే పెద్దవాడు. పెరిగి పెద్దయింది చివరికి ఇద్దరే: అతడూ, చెల్లెలు పొలీనా. ఆమె తర్వాత వైద్యురాలైంది. వైద్యవృత్తిలో ఉన్నవాణ్ణి కనుక ఈ లెక్క దగ్గర నేను కాస్త ఆగుతాను. పద్నాలుగులో పన్నెండు. ఆ ఇంట్లో చావు ఒక సంఘటన కాదు, ఋతువులా వచ్చిపోయే సంగతి. 'భూమి' చిత్రారంభంలో ముసలి సెమెన్ రాలిన పళ్ళ మధ్య పడుకుని, ఒక పండు కొరికి, నవ్వుతూ ప్రాణం విడవడాన్ని చూసి విమర్శకులు 'సర్వేశ్వరవాదం' అనీ 'కావ్యాత్మకత' అనీ ఏవేవో అంటారు. నాకు మాత్రం అందులో లెక్కలేనన్ని శవపేటికలు చూసిన పిల్లవాడి కోరిక కనిపిస్తుంది. ఒక్కరైనా నిండు వయసులో, నిండు కడుపుతో, నొప్పి లేకుండా పోతే ఎంత బాగుండు!

ఇక మన తెలుగు వ్యాసాలు మూకుమ్మడిగా దాటవేసే భాగానికి వస్తాను. 1917 నుంచి 1926 దాకా. ఉపాధ్యాయ శిక్షణ ముగించి జితోమిర్‌లోనూ కీవ్‌లోనూ పాఠాలు చెప్పిన ఈ యువకుడు అంతర్యుద్ధంలో మొదట బోల్షెవిక్కుల పక్షాన లేడు. ఉక్రేనియన్ ప్రజా గణతంత్రం వైపు, దాని సైన్యం వైపు నిలిచాడు. 1919లో జితోమిర్‌లో చేకా పోలీసులు అతణ్ణి పట్టుకున్నారు. ఉక్రేనియన్ వామపక్షీయులైన బొరోత్బిస్టుల అండతో, ముఖ్యంగా కవి వసిల్ ఎల్లాన్-బ్లకీత్నీ పూనికతో, బయటపడి వారి పార్టీలో చేరాడు. ఆ పార్టీ 1920లో బోల్షెవిక్కుల్లో కలిసిపోయింది. తర్వాత వార్సాలోనూ బెర్లిన్‌లోనూ దౌత్య కార్యాలయాల్లో చిన్న ఉద్యోగాలు, బెర్లిన్‌లో చిత్రకళాభ్యాసం, 1923లో ఖార్కివ్ తిరిగి వచ్చి 'సష్కో' అన్న పేరుతో పత్రికకు కార్టూన్లు. మికోలా ఖ్విలొవీ నడిపిన 'వప్లీతే' రచయితల బృందంలో సభ్యత్వం. 1926లో, ముప్పయ్యేళ్ళు దాటాక, ఒదెస్సా స్టూడియో గడప తొక్కేనాటికి అతడు ఇన్ని జన్మలు ఎత్తాడు.

ఇదంతా ఎందుకు ముఖ్యం? అతడి రెండవ గొప్ప చిత్రం 'ఆర్సెనల్' (1929) ఇతివృత్తం 1918 జనవరిలో కీవ్ ఆయుధ కర్మాగారంలో బోల్షెవిక్ కార్మికుల తిరుగుబాటు. దాన్ని అణచివేసినది ఉక్రేనియన్ ప్రజా గణతంత్రపు సైన్యం. అంటే తాను ఒకప్పుడు నిలిచిన పక్షాన్ని హంతకుల పక్షంగా చూపుతూ అతడు సినిమా తీశాడు. చివరి దృశ్యంలో కార్మికుడు తిమిష్ చొక్కా చింపుకుని రొమ్ము చూపుతాడు. తూటాలు తగిలినా పడిపోడు. మనవాళ్ళు దీన్ని విప్లవపు అమరత్వానికి ప్రతీక అని రాసి చేతులు దులుపుకుంటారు. తూటా తగలని ఆ ఛాతీ వెనుక, ఏ క్షణాన తన పాత కాగితాలు ఎవరు బయటికి తీస్తారో అని బిక్కుబిక్కుమనే ఒక దర్శకుడున్నాడని తెలిస్తే ఆ దృశ్యం మరింత చిక్కబడుతుందే తప్ప పలచబడదు. ఆ గతాన్ని అతడు పూర్తిగా దాచనూ లేదు. విప్లవంలోకి తప్పు వాకిలి గుండా వచ్చానన్న అర్థంలో 1939 నాటి ఆత్మకథలో ఒప్పుకున్నాడు. ఎంత చెప్పాలో, ఎక్కడ ఆగాలో కొలిచి కొలిచి చెప్పిన ఒప్పుకోలు అది.

ఇప్పుడు 'భూమి'. నా అసలు కొట్లాట ఈ సినిమాను అభిమానించేవారితోనే, ఎందుకంటే నేనూ వారిలో ఒకణ్ణి.

పోల్తావా ప్రాంతంలోని యారెస్కీ గ్రామంలో 1929లో చిత్రీకరణ జరిగింది. ఛాయాగ్రాహకుడు దనీలో దెముత్స్కీ. (ఇతడి తండ్రి పొర్‌ఫీరీ పల్లెలో వైద్యం చేస్తూ జానపద గీతాలు సేకరించి బృందగానాలు నడిపిన డాక్టరు. వృత్తిబంధువు కనుక ఒక నమస్కారం.) ఊరికి ట్రాక్టరు వస్తుంది. రేడియేటరులో నీళ్ళు అడుగంటితే రైతులు అందులో మూత్రం పోసి నడిపిస్తారు. వసిల్ అనే యువకుడు భూస్వాముల గట్లు చెరిపి దున్నుతాడు. వెన్నెల రాత్రి ఒంటరిగా, దుమ్ము లేచేలా నాట్యమాడుతూ ఇంటికి వస్తున్నవాడు హఠాత్తుగా కూలిపోతాడు. కాల్చినవాడు కులక్ కొడుకు ఖోమా. తండ్రి ఒపనాస్ పూజారిని వెనక్కి పంపి, కొడుకును కొత్త పాటలతో సాగనంపమంటాడు. ఊరేగింపులో ఆపిల్ కొమ్మలు శవం ముఖాన్ని నిమురుతాయి. ప్రియురాలు నగ్నంగా గుండెలు బాదుకుంటుంది. ఒక తల్లికి పురిటి నొప్పులు మొదలవుతాయి. ఆఖరికి పళ్ళ మీద వాన.

1930 ఏప్రిల్ 8న కీవ్‌లో విడుదలైంది. దానికి నాలుగు రోజుల ముందే 'ఇజ్వెస్తియా'లో ఆస్థాన కవి దెమ్యాన్ బేద్నీ నిండు పద్యవ్యాసంతో విరుచుకుపడ్డాడు. కొద్ది రోజుల్లోనే చిత్రాన్ని ప్రదర్శనల నుంచి తొలగించారు; మూత్రపు దృశ్యానికీ నగ్న దృశ్యానికీ కత్తెర పడింది. మన వ్యాసకర్తలకు ఈ ఉదంతం అమృతంలా దొరికింది. చూశారా, ప్రభుత్వమే అతణ్ణి హింసించింది కనుక అతడు ప్రభుత్వ ప్రచారకుడు కాడు అన్నది వారి తర్కం. ఈ తర్కం చెల్లదు. బేద్నీ ఆక్షేపణ సినిమా అబద్ధం చెబుతోందని కాదు, అబద్ధాన్ని చాలినంత గట్టిగా చెప్పడం లేదని. తప్పుడు న్యాయాధికారి ఒకణ్ణి ముద్దాయి అన్నంత మాత్రాన అతడు నిర్దోషి అయిపోడు.

తేదీలు చూడండి. 1930 జనవరి 30న పొలిట్‌బ్యూరో కులక్కులను 'వర్గంగా నిర్మూలించే' తీర్మానం చేసింది. మార్చి 2న స్టాలిన్ 'విజయాలతో తల తిరిగింది' అన్న వ్యాసంతో తప్పంతా కింది కార్యకర్తల మీదికి నెట్టాడు. ఏప్రిల్‌లో 'భూమి' వచ్చింది. ఆ నెలల్లోనే కుటుంబాలకు కుటుంబాలను ఇళ్ళ నుంచి ఈడ్చి ఉత్తరాదికీ సైబీరియాకూ తరలిస్తున్నారు. కులక్ అంటే ఎవరు? రెండు ఆవులున్నవాడా, కోత రోజుల్లో కూలిని పెట్టుకున్నవాడా, పక్కింటివాడికి గిట్టనివాడా? నిర్వచనం ఎవరి చేతిలో ఉంటే వారిది. సినిమాలో ఆ సందిగ్ధమేమీ లేదు. ఒక హంతకుడున్నాడు, అంతే. ఒక పీడనను ప్రారంభించేవారికి అంతకంటే కావలసిన కథ మరొకటి ఉండదు.

అయితే ఆ హంతకుడికి దొవ్జెంకో ఇచ్చిన ముగింపును గమనించినవారు తక్కువ. ఖోమా శ్మశానానికి పరుగెత్తుకొస్తాడు, నేనే చంపానని అరుస్తాడు, పిచ్చివాడిలా నేలకు తల ఆనించి గిరగిర తిరుగుతాడు. దూరాన గుమిగూడిన ఊరు అతడి వంక చూడదు కూడా. అందరూ వసిల్ కోసం మాట్లాడుతున్న వక్త మాటలు వింటూంటారు. ఈ దృశ్యం నాకు నిద్రపట్టనివ్వని దృశ్యం. తెర మీద కులక్కుకు పడిన శిక్ష ఊరి ఉదాసీనత. తెర బయట పడిన శిక్ష గూడ్సు బండి. దొవ్జెంకో ఊహించగలిగిన అతి కఠినమైన న్యాయం, మనిషిని తన పాపంతో ఒంటరిగా వదిలేయడం. తాను ఎవరికి పాట పాడుతున్నాడో వారి ఊహ అంతకంటే చాలా దూరం పోయిందని అతడికి తెలియలేదా? తెలిసి కళ్ళు మూసుకున్నాడా? పుస్తకాలు ఈ ప్రశ్నను తేల్చలేవు. సినిమా మాత్రం ఒకటి బయటపెడుతుంది. ఏ రైతు ప్రపంచాన్ని ఆ విధానం తుడిచిపెట్టబోతోందో, ఆ ప్రపంచాన్ని అంత ప్రేమగా చూసిన చిత్రం మరొకటి లేదు. ఆ ముసలివాడి చావు, ఆ పొద్దుతిరుగుడు పువ్వు, ఆ వాన, ఇవేవీ పంచవర్ష ప్రణాళికకు అక్కరలేనివి. కనుక 'రాజకీయాలు పక్కన పెడితే గొప్ప సినిమా' అనేవారికీ, 'రాజకీయాల వల్లనే చెత్త సినిమా' అనేవారికీ నా జవాబు ఒక్కటే. ఆ రెండింటినీ విడదీసే కత్తెర మీ దగ్గర లేదు. బేద్నీ దగ్గరా లేదు.

రెండేళ్ళు గడిచాయి. 1932 ఆగస్టు 7న పొలంలో కంకులు ఏరుకున్నా మరణశిక్ష దాకా పోగల చట్టం వచ్చింది. 1933 జనవరి 22న ఆకలితో ఊరు దాటుతున్న ఉక్రేనియన్ రైతులను అడ్డగించమని ఆదేశం వెళ్ళింది. జనాభా శాస్త్రజ్ఞుల అంచనాల ప్రకారం ఉక్రెయిన్‌లో ఆ కృత్రిమ కరువుకు బలైనవారు సుమారు 39 లక్షలు. ఆకలి శరీరాన్ని ఏం చేస్తుందో వైద్యులకు వివరించి చెప్పనక్కరలేదు: కాళ్ళ వాపు, చిన్నపిల్లల ముఖంలో ముసలితనం, చివరికి ఆకలి కూడా తెలియని మందకొడితనం. ఆ సంవత్సరాల్లో దొవ్జెంకో ఏం చేస్తున్నాడు? ద్నీపర్ నది మీద విద్యుత్ ప్రాజెక్టు నిర్మాణం గురించి 'ఇవాన్' అనే తన మొదటి శబ్దచిత్రం తీస్తున్నాడు. అది 1932 నవంబరులో విడుదలైంది. అదీ జాతీయవాదపు వాసన వేస్తోందన్న విమర్శలు మొదలయ్యాయి. 1933 మొదట్లో అరెస్టు భయంతో మాస్కో చేరాడు, స్టాలిన్‌కే మొరపెట్టుకున్నాడు. ఆ మే నెల 13న ఖార్కివ్‌లో ఖ్విలొవీ తుపాకీతో ఆత్మహత్య చేసుకున్నాడు. నాటక దర్శకుడు లెస్ కుర్బాస్‌ను ఆ సంవత్సరమే పట్టుకుని 1937 నవంబరులో సందర్మోఖ్ అడవిలో కాల్చి చంపారు. 'భూమి' ఛాయాగ్రాహకుడు దెముత్స్కీకీ 1930లలో అరెస్టులు తప్పలేదు. దొవ్జెంకో బతికాడు.

బతికినందుకు అతడు చెల్లించిన మూల్యం పేరు 'ఏరోగ్రాద్' (1935). తెలుగులో దీని గురించి ఒక్క పేరా అయినా రాసినవారిని నేను చూడలేదు. సుదూర తూర్పు సరిహద్దుల్లో గూఢచారుల వేట కథ. అందులో గ్లుషాక్ అనే వేటగాడు ద్రోహిగా తేలిన తన చిరకాల మిత్రుణ్ణి అడవిలోకి నడిపించి స్వయంగా కాల్చేస్తాడు. ఆ దృశ్యం అద్భుతంగా ఉంటుంది. అదే భయంకరమైన విషయం. మిత్రులు మిత్రులను అప్పగించే కాలం ముంచుకొస్తుండగా, ఆ పనికి ఇంత గంభీరమైన సౌందర్యాన్ని సమకూర్చినవాణ్ణి 'మట్టి కవి' అని మాత్రం పిలిచి వదిలేస్తే మనం అతడి ప్రతిభను అవమానించినట్టే. అసమర్థుడు తీసిన ప్రచార చిత్రం ఎవరినీ నమ్మించదు.

అదే ఏడు లెనిన్ పతకం. దానితోపాటే ఉక్రెయిన్‌కు ఒక 'చపాయెవ్' కావాలన్న స్టాలిన్ కోరిక. అంతర్యుద్ధ నాయకుడు షోర్స్ మీద సినిమా తీయడానికి సంవత్సరాలు పట్టింది, ఎందుకంటే నిన్నటి వీరుడు ఇవాళ ద్రోహి అవుతున్న కాలం. షోర్స్ సహచరుడు దుబోవీనే 1938లో కాల్చేశారు. 1939లో పూర్తయిన ఆ చిత్రానికి 1941లో స్టాలిన్ బహుమతి దక్కింది. చిత్రం గురించి చెప్పుకోదగినది అంతకు మించి లేదు.

తర్వాత యుద్ధం, 'మంటల్లో ఉక్రెయిన్'. ఇక్కడ మాత్రం దొవ్జెంకోను చిన్నబుచ్చేవారిని నేను సహించను. యుద్ధ రంగంలో తిరిగి, సొంత సైన్యం వదిలి వెనక్కి పోయిన పల్లెలను, శత్రువు చేతిలో పడిన ఆడపిల్లలను, తిరిగొచ్చిన విముక్తిదాతలు తమనే అనుమానంగా చూస్తే తలవంచుకున్న రైతులను కళ్ళారా చూసి, 1943లో ఆ స్క్రిప్టు రాశాడు. జర్మన్ ఆక్రమణలోని కీవ్‌లో ఆకలితో చనిపోయిన ముసలివారిలో అతడి తండ్రి కూడా ఉన్నాడు. 1944 జనవరి చివర క్రెమ్లిన్‌లో స్టాలిన్ సమక్షంలో ఆ స్క్రిప్టుపై విచారణ జరిగింది. లెనిన్‌వాదాన్ని సవరించాడు, వర్గపోరాటాన్ని మరిచాడు, జాతీయవాది అన్నవి నేరారోపణలు. పదవులన్నీ పోయాయి, కీవ్ స్టూడియో పోయింది, తిరిగి ఉక్రెయిన్‌లో స్థిరపడే దారి మూసుకుపోయింది. మనిషిని చంపలేదు; మాస్కోలో ఉంచి ఊపిరి ఆడనివ్వలేదు. అతడి డైరీల్లోని దుఃఖానికి మూలం ఇక్కడుంది. ఆ డైరీల మరింత నిండైన పాఠం 2013లో గాని ఖార్కివ్‌లో అచ్చుకు నోచుకోలేదు.

ఆ దుఃఖం చదివి కళ్ళు తుడుచుకున్న పాఠకుడు 1948 నాటి 'మిచూరిన్' కూడా చూడాలి. తోటలు పెంచిన వృక్షశాస్త్ర ప్రయోగశీలి జీవితం. మొదట దొవ్జెంకో తీసింది మృత్యువు గురించీ వసంతం గురించీ ఏదో వ్యక్తిగతమైన సినిమా. అంతలో 1948 ఆగస్టులో లిసెంకో జన్యుశాస్త్రాన్ని వ్యవసాయ అకాడమీ సభలో అధికారికంగా పాతిపెట్టాడు, సినిమాను తిరగరాయించారు. గవ్రిల్ పొపొవ్ చేసిన సంగీతం పోయి షొస్తకోవిచ్ సంగీతం వచ్చింది. ఛాందస పూజారులూ మూఢ జన్యుశాస్త్రజ్ఞులూ ప్రతినాయకులయ్యారు. మరుసటి ఏడు మరొక స్టాలిన్ బహుమతి. ప్రపంచమంతా తిరిగి విత్తనాలు సేకరించిన జన్యుశాస్త్రజ్ఞుడు నికొలాయ్ వవీలొవ్ అప్పటికి ఐదేళ్ళ ముందే సరాతొవ్ జైలులో తిండిలేక కృశించి మరణించాడు. ఆ సినిమాలో పూల చెట్ల రంగులు ఈ నాటికీ కంటికి ఇంపుగానే ఉంటాయి. నాబోటి వాడికి ఆ పూలలో వవీలొవ్ కనిపించకుండా ఉండడు.

కాబట్టే 'ఆ కాలం అలాంటిది' అన్న మన సాహిత్యలోకపు ఆస్థాన సమర్థన నాకు మింగుడుపడదు. మనకు నచ్చిన కవి ప్రభువును పొగిడితే కాలం అలాంటిది. నచ్చని కవి పొగిడితే అతడు అమ్ముడుపోయాడు. కాలం అందరికీ ఒకటే అయితే ఖ్విలొవీ తలకు తుపాకీ పెట్టుకున్నదీ ఆ కాలంలోనే, బేద్నీ పద్యాలల్లిందీ ఆ కాలంలోనే. కాలం మనుషులను అడకత్తెరలో పెడుతుంది నిజమే. ఆ అడకత్తెరలో ఒక్కొక్కరు ఏం చేశారన్నదే కదా జీవిత చరిత్ర! క్షమించడం సులువు, ఎందుకంటే క్షమించాక మళ్ళీ చూడనక్కరలేదు. తిట్టడమూ అంతే సులువు. లైబర్ పుస్తకం ఈ రెండు సౌకర్యాలనూ పాఠకుడికి లేకుండా చేస్తుంది. అందుకే కొందరు మిత్రులకు అది నీరసంగా తోచిందని నా అనుమానం.

ఇటీవల ఇంకొక సౌకర్యం బయలుదేరింది. రష్యా దాడి తర్వాత ఉక్రెయిన్ మీద సానుభూతి సహజంగానే పెరిగింది. దానితో దొవ్జెంకోను మచ్చలేని జాతీయ అమరవీరుడిగా మలచే వ్యాసాలు వస్తున్నాయి. నడిమి పదాన్ని సరిదిద్దమన్నందుకు నన్నూ ఆ జట్టులో కట్టేస్తారేమో. విచిత్రమేమిటంటే కీవ్‌లో అతడి పేరనే ఉన్న జాతీయ చలనచిత్ర భాండాగారం ఈ అమాయకత్వానికి పాల్పడలేదు. 2012లో 'భూమి'ని పునరుద్ధరించి, 'దఖాబ్రఖా' బృందం కట్టిన కొత్త సంగీతంతో విడుదల చేసింది. ఆ సంగీతంలో ఆడగొంతుల జానపద ఆలాపన ట్రాక్టరు విజయోత్సవం మీద శోకంలా పరుచుకుంటుంది. తర్వాత ఏం జరిగిందో తెలిసిన మనవళ్ళు పాత సినిమాకు చేసిన వ్యాఖ్యానం అది. చూడాలనుకునేవారు ఆ ప్రతిని చూడండి. అసలు నెగెటివ్ యుద్ధంలోనే నాశనమైంది కనుక, 'మూలం' అని పేచీ పెట్టేవారికి చూపించడానికి మూలమంటూ ఎవరి దగ్గరా లేదు.

చదవవలసిన అతడి రచన ఒకటే చెప్పమంటే 'మాయా దెస్నా'. యుద్ధకాలంలో మొదలుపెట్టి, మరణించిన ఏడాది 1956లో అచ్చులో చూసుకున్న బాల్యస్మృతి. నది, గడ్డివామి, శాపనార్థాలు పెట్టడంలో ఆరితేరిన ముత్తవ్వ, వరదలో పడవ మీద వచ్చిన పండుగ. నవ్వు ఆపుకోలేం. ఇందులో ట్రాక్టరు లేదు. ఎవరైనా తెలుగు చేయబూనితే మూలభాష ఉక్రేనియన్ అని లోపలి పుటలో స్పష్టంగా వేయమని మాత్రం నా మనవి.

చివరి స్క్రిప్టు గురించి చెప్పి ఆపుతాను. కఖోవ్కా దగ్గర ద్నీపర్ నదికి అడ్డంగా ఆనకట్ట కడుతుంటే దొవ్జెంకో ఆ నిర్మాణ స్థలంలో చాలా కాలం గడిపి 'సముద్ర కావ్యం' రాశాడు. జలాశయంలో మునిగిపోబోయే పల్లె. దూరాల నుంచి బిడ్డలంతా ఇంటికి కడసారి వీడ్కోలు చెప్పడానికి వస్తారు. శ్రీశైలం ముంపు ఊళ్ళను ఎరిగినవారికి ఆ కథ వివరించనక్కరలేదు. ఇక్కడా అతడు ఆనకట్టనే కీర్తించాడు, ఇక్కడా కెమెరా కూల్చబోయే గోడల దగ్గరే ఆగింది. చిత్రీకరణ మొదలవుతుందనగా 1956 నవంబరు 25న పెరెదెల్కినోలో గుండెపోటుతో మరణించాడు. మాస్కోలోని నొవొదెవిచీ శ్మశానంలో పాతిపెట్టారు. భార్య, దర్శకురాలు యూలియా సోల్న్‌త్సెవా 1958లో సినిమా పూర్తి చేసింది. 'భూమి'లో వసిల్ చెల్లెలిగా నటించినది ఈమే. భర్త మరో స్క్రిప్టుతో తీసిన చిత్రానికి 1961లో కాన్ ఉత్సవంలో ఉత్తమ దర్శకత్వ బహుమతి పొందింది, ఆ బహుమతి అందుకున్న తొలి స్త్రీ. ఈమె గురించి తెలుగులో ఒక వాక్యమైనా లేకపోవడం మరో వ్యాసానికి సరిపడే ఫిర్యాదు.

ఆ ఆనకట్ట 2023 జూన్ 6న, రష్యా సైన్యం అధీనంలో ఉండగా, బద్దలైంది. రెండు వేల చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న ఆ 'సముద్రం' కొద్ది రోజుల్లోనే ఖాళీ అయింది. దిగువన ఊళ్ళు మునిగాయి. ఎగువన, సినిమాలో జనం వదిలిపోయిన లాంటి నేల బయటపడి, ఇప్పుడక్కడ మనిషి ఎత్తును మించి విల్లో చెట్లు పెరుగుతున్నాయి.